చిన్నపిల్లల చదివే స్థాయిలు: ఒడిశా సరిహద్దు తెలుగు కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం వైపు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ట్యూషన్లో ఇంగ్లీషు నడుస్తుంటాయి. అలాంటి ఇళ్ళలో ఐదు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లలున్న తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలివి. అంగన్‌వాడీ కార్యకర్తలకీ, ట్యూషన్ చెప్పేవాళ్ళకీ కూడా పనికొస్తాయి.

"చదివే స్థాయి" అంటే తరగతి నంబరేనా?

కాదు. తరగతి వయసుతో పాటు పెరిగిపోతుంది. చదివే స్థాయి అంటే, ఫలానా భాషలో ఫలానా పాటి పాఠాన్ని పిల్ల ఎవరి సాయమూ లేకుండా చదివి అర్థం చేసుకోగలుగుతోందా అన్నది. ఒకే మూడో తరగతి పిల్ల ఒడియాలో పేరా చదవొచ్చు, తెలుగులో అక్షరాల దగ్గరే ఉండొచ్చు, ఇంగ్లీషులో చిన్న మాటల దాకా వచ్చి ఉండొచ్చు. మూడూ నిజమైన స్థాయిలే. అందుకే బడిలో ఎవరైనా "మీ పిల్ల పదాల స్థాయిలో ఉంది" అంటే వెంటనే అడగాల్సిన మాట: ఏ భాషలో? ఒడియా మీడియం బడిలో చెప్పింది ఒడియా స్థాయే అయి ఉంటుంది. దాన్ని పట్టుకుని తెలుగు సంగతి తేల్చెయ్యకూడదు, తెలుగు రాలేదని ఒడియాలో వెనకబడిందనీ అనుకోకూడదు.

స్థాయి తెలిస్తే రేపు పిల్ల చేతికి ఏ పుస్తకం ఇవ్వాలో, ఏ అక్షరాల దగ్గర ఆగాలో తెలుస్తుంది. దాన్ని ర్యాంకులా పక్కింటి పిల్లతో పోల్చి చూసుకుంటే ఏమీ తెలియదు.

అక్షరం, పదం, పేరా, కథ అని నాలుగు స్థాయిలు చెప్తారు. అవి ఎక్కడివి, ఎలా తేలుస్తారు?

పల్లెల్లో పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చాయో చూసే అసర్ సర్వేని ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టింది. దాని వల్ల ఈ పేర్లు ఊరూరా వాడుకలోకి వచ్చాయి. ఇప్పుడు చాలా బళ్ళలో టీచర్లు కూడా ఇవే మాటలు వాడుతున్నారు. నిజానికి ఇందులో ఐదు మెట్లు ఉన్నాయి. అక్షరాలు కూడా గుర్తుపట్టలేని పిల్లది ప్రారంభ స్థాయి. దాని పైన అక్షరం, పదం, పేరా, కథ. పేరా అంటే ఒకటో తరగతి పాటి తేలికైన నాలుగు వాక్యాలు. కథ అంటే రెండో తరగతి పాటి ఏడు నుంచి పది వాక్యాలు.

పరీక్ష ఒక్కొక్కరికీ విడివిడిగా, నోటితో జరుగుతుంది. మొదట పిల్ల ముందు పేరా పెడతారు. ధారగా, వాక్యాన్ని వాక్యంలా, మూడు తప్పులకి మించకుండా చదివితే కథకి వెళ్తారు. కథ కూడా చదివితే కథ స్థాయి, లేకపోతే పేరా స్థాయి. పేరా దగ్గరే ఆగిపోతే పదాలు చూపిస్తారు. పిల్ల ఎంచుకున్న ఐదు పదాల్లో కనీసం నాలుగు సరిగ్గా చదవాలి. అదీ రాకపోతే అక్షరాలు, అక్కడా ఐదింట నాలుగు.

ఇక్కడ పెద్దవాళ్ళు ఎక్కువగా పొరబడేది ఒకచోట ఉంది. నెమ్మదిగా చదివినా పరవాలేదు. కానీ ఒక్కో మాటా విడిగా కూడబలుక్కుంటూ, వాక్యం కలవకుండా చదివితే తప్పులు లేకపోయినా అది పేరా స్థాయి కాదు. "బాగానే చదివాడు కదా" అని జాలిపడి పై మెట్టు రాసేస్తే ఆ పిల్లాడికి తగని పుస్తకం చేతికొస్తుంది.

ఈ పరీక్ష కాగితాలు తెలుగులోనూ ఒడియాలోనూ ఉన్నాయి. రెండూ దింపుకుని, రెండు వేర్వేరు రోజుల్లో చూడటం మంచిది. ఒకే పూట రెండూ పెడితే రెండోదానికి పిల్ల అలిసిపోయి ఉంటుంది.

ఐదో తరగతి పాప కథ స్థాయికి వచ్చింది. ఇక బెంగ లేనట్టేనా?

ఆ కాగితంలో అన్నిటికన్నా పైది రెండో తరగతి పాఠమే. అది చదివిందంటే పునాది పడిందని అర్థం. ఐదో తరగతి పరిసరాల పాఠం చదివి అర్థం చేసుకోగలదో లేదో ఆ కాగితం చెప్పదు. దానికి ఆ తరగతి పుస్తకంలో ఇంకా చెప్పని పాఠం తీసి, అర పేజీ చదివించి, ప్రశ్నలడిగి చూడాలి.

ఏ తరగతికి ఎంత రావాలి?

కేంద్ర ప్రభుత్వం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం దీనికి కొలతలు ఇచ్చింది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లకీ చదవడం, లెక్కలు వచ్చి ఉండాలన్నది దాని గమ్యం.

ఒకటో తరగతికి ముందు ఏడాదిని బాలవాటిక అంటారు. అది ముగిసేసరికి అక్షరాలు, వాటి ధ్వనులు గుర్తుపట్టి, రెండు మూడు అక్షరాల మాటలు చదవాలి. ఒకటో తరగతి చివరికి, ముందు చూడని పాఠంలో నాలుగైదు తేలిక మాటలున్న చిన్న వాక్యాలు చదవాలి. రెండో తరగతి చివరికి అర్థం చేసుకుంటూ నిమిషానికి 45 నుంచి 60 పదాలు, మూడో తరగతి చివరికి కనీసం 60 పదాలు.

"ముందు చూడని పాఠం" అన్న మాటని వదిలెయ్యకండి. నోటికొచ్చిన పాఠాన్ని గడగడా అప్పజెప్పే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. పుస్తకం మూసినా వాళ్ళ చదువు ఆగదు!

ఇంకొకటి. ఈ కొలతలు అందుకోలేని పిల్ల మీ ఇంట్లోనే ఉందని దిగులుపడకండి. 2024 అసర్ ప్రకారం దేశంలో గ్రామీణ ప్రభుత్వ బళ్ళలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 23.4 శాతమే. అది కూడా 2022లో ఉన్న 16.3 శాతం కన్నా మెరుగు.

నిమిషానికి 60 పదాలు తెలుగుకి కూడా వర్తిస్తుందా? తెలుగు మాటలు పొడుగు కదా?

అనుమానం సరైనదే. మనం "దొర్లించుకొచ్చేశారు" అని ఒక్క మాటలో అనేదానికి ఇంగ్లీషుకి నాలుగైదు మాటలు కావాలి. విభక్తులు, క్రియ చివర వచ్చేవన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి తెలుగులో నిమిషానికి 40 పదాలు చదివిన పిల్ల ఇంగ్లీషులో 40 పదాలు చదివిన పిల్ల కన్నా చాలా ఎక్కువ అక్షరాలు చదివినట్టు. ఈ కారణంగానే జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి (ఎన్‌సీఈఆర్‌టీ) 2022లో మూడో తరగతి పిల్లలతో చేసిన పునాది అధ్యయనంలో 20 భాషలకి వేగం కొలతలు విడివిడిగా పెట్టారు. ఒక భాష అంకెని ఇంకో భాషకి అంటగట్టకూడదు. తెలుగు అంకెని పోయిన నెల తెలుగు అంకెతోనే పోల్చుకోండి.

ఇంట్లో మేమే తెలుగు స్థాయి చూసుకోవాలంటే?

పది నిమిషాల పని. కావలసినవి ఒక కాగితం, సెకన్లు చూపించే ఫోను, పెన్సిలు. ఈ కింది పాఠాన్ని పెద్ద అక్షరాలతో, వాక్యానికో వరుసగా రాసుకోండి. సరిగ్గా 40 పదాలున్నాయి, రెండో తరగతి పాటిది.

రాధ వాళ్ళ ఇంటి వెనక ఒక పనస చెట్టు ఉంది.
చెట్టు నిండా కాయలు కాశాయి.
ఒక రోజు పెద్ద గాలి వచ్చింది.
ఒక కాయ కింద పడింది.
రాధ, తమ్ముడు కలిసి దాన్ని ఇంట్లోకి దొర్లించారు.
అమ్మ చేతికి నూనె రాసుకుని కాయ కోసింది.
ఇల్లంతా పనస వాసన నిండింది.
తమ్ముడే ముందు తిన్నాడు.

పిల్ల చేతికి ఒక ప్రతి ఇచ్చి, ఇంకోటి మీ దగ్గర ఉంచుకోండి. మొదటి మాట పలికినప్పుడు సమయం మొదలుపెట్టి, చివరి మాటకి ఆపండి. తప్పు చదివిన మాట కింద గీత పెట్టండి. ఐదు సెకన్లు ఆగిపోతే ఆ మాట మీరే చెప్పి ముందుకి పంపండి, దాన్నీ తప్పుగానే లెక్కించండి. తప్పు చదివి తనే సర్దుకుంటే అది తప్పు కాదు. మధ్యలో "అది కాదు, మళ్ళీ చూడు" అనకండి. అలా అన్నారంటే పరీక్ష పోయి పాఠమవుతుంది.

లెక్క ఇలా చెయ్యాలి. 40 పదాల్లో రెండు తప్పుల దాకా ఉంటే 95 శాతం లేదా అంతకన్నా ఎక్కువ సరైనట్టు. ఈ పాటి పుస్తకాలు పిల్ల ఒంటరిగా చదువుకోగలదు. మూడు, నాలుగు తప్పులైతే 90 శాతానికి తగ్గనట్టు. పక్కన పెద్దవాళ్ళు కూర్చుంటే ఇదే సరైన పాఠం. ఐదు, అంతకు మించితే ఇది ఇప్పటికి బరువు, ఒక మెట్టు దిగండి.

వేగానికి, సరిగ్గా చదివిన పదాల్ని పట్టిన సెకన్లతో భాగించి 60తో హెచ్చించండి. 80 సెకన్లలో చదివి ఆరు తప్పులు చేస్తే, 34ని 80తో భాగించి 60తో హెచ్చిస్తే నిమిషానికి 25 చిల్లర. 50 సెకన్లలో రెండే తప్పులతో చదివితే నిమిషానికి 45 దాటింది.

తర్వాత కాగితం తీసేసుకుని మూడు ప్రశ్నలు అడగండి. కాయ ఎందుకు పడింది? ఇంట్లోకి ఎలా తెచ్చారు? అమ్మ చేతికి నూనె ఎందుకు రాసుకుంది? మూడోదానికి జవాబు పాఠంలో లేదు. పనసకాయ జిగురు సంగతి తెలిసిన పిల్ల దాన్ని పాఠంతో కలుపుకుని చెప్పాలి. రెండు జవాబులు కూడా రాకపోతే వేగం ఎంత బాగున్నా స్థాయి ఒక మెట్టు కిందే రాసుకోండి. జవాబు ఒడియాలో చెప్పినా తీసుకోండి. ఇక్కడ చూస్తున్నది అర్థమైందా అన్నది మాత్రమే.

అదే కాగితం నెలలోపు మళ్ళీ వాడకండి, నోటికొచ్చేస్తుంది.

మా పిల్లాడు "ఆళ్ళ ఇంటి ఎనక", "గాలి ఒచ్చింది" అని చదివాడు. తప్పులేనా?

కావు. శ్రీకాకుళం వైపు మాటతీరు అదే, ఇంట్లో అందరూ అలాగే అంటారు. "వెనక" అన్న అక్షరాలు చూసి "ఎనక" అన్నాడంటే మాటని గుర్తుపట్టాడు, అర్థమూ పట్టుకున్నాడు. "కళ్ళు"ని "కల్లు" అన్నా, "ప్రాణం"ని "పానం" అన్నా ఇంతే. చదవడంలో లెక్కపెట్టకండి. రాసేటప్పుడు మాత్రం పుస్తకంలో ఎలా ఉందో అలా రాయించండి. యాసని తప్పు కింద గీసి గీసి పిల్లల నోరు మూయించిన టీచర్లు చాలామందే ఉన్నారు. ఆ పిల్లలు తర్వాత గట్టిగా చదవడమే మానేస్తారు.

"వెనక"ని "వెన" అంటే, "కాయలు"ని "కయలు" అంటే అవి తప్పులు.

తప్పుల లెక్క వచ్చింది. దాన్నిబట్టి ఏం చెయ్యాలి?

లెక్క కన్నా తప్పు రకం ముఖ్యం. పై పాఠంలో ఒక్క వాక్యం తీసుకోండి: "రాధ, తమ్ముడు కలిసి దాన్ని ఇంట్లోకి దొర్లించారు."

ఒక పిల్ల "తముడు కలిసి దాని ఇంటోకి దొరించారు" అని చదివింది. తప్పులన్నీ వత్తుల దగ్గరే. గుణింతం బాగా వచ్చింది, వత్తు కంటికి ఆనడం లేదు. ఈ పిల్లకి కథల పుస్తకాలు ఇంకా ఇచ్చి లాభం లేదు. రెండు వారాలు వత్తుల మాటలే ఆడించాలి: గది–గద్ది, అక–అక్క, మొక–మొక్క, కల–కల్ల లాంటివి పలికించి తేడా చెవికి పట్టించాలి. ఇందులో "గద్ది", "అక" లాంటి అర్థం లేని మాటలు ఉన్నా పరవాలేదు. అర్థం లేని మాట చదివిందంటే ఊహించి చెప్పలేదని గట్టిగా నమ్మొచ్చు.

ఇంకో పిల్లాడు "రాధ, తమ్ముడు కలిసి దాన్ని ఇంట్లోకి తీసుకొచ్చారు" అని హాయిగా చదివేశాడు. వినడానికి బాగుంది, కానీ "దొర్లించారు" అని ఉన్నచోట "తీసుకొచ్చారు" అన్నాడు. అర్థం తెలుసు, అక్షరం చూడటం లేదు. బొమ్మ చూసి, కథ చూసి లాగించేస్తున్నాడు. వీడికి బొమ్మలు లేని విడి మాటలు ఇచ్చి చదివించాలి, వేలు పెట్టి చదవమనాలి. తెలివైన పిల్లల్లో ఈ అలవాటు మూడో తరగతి దాకా బయటపడదు. బొమ్మలు తగ్గి పాఠాలు పెరిగాక ఒక్కసారిగా "వీడికేమైంది" అంటారు.

మూడో పిల్ల "దా... న్ని... ఇం... ట్లో... కి..." అంటూ అన్నీ సరిగ్గానే చదివింది. చివరికి వచ్చేసరికి ఎవరు, దేన్ని అన్నది మరిచిపోయింది. తప్పులు సున్న, అర్థం సున్న. కొత్త అక్షరాలేమీ నేర్పక్కర్లేదు. వచ్చిన పాఠాన్నే మూడు నాలుగు సార్లు చదివించండి. మొదట మీరు చదవండి, తర్వాత ఇద్దరూ కలిసి, ఆ తర్వాత పిల్ల ఒక్కతే. మర్నాడు అదే. నాలుగో రోజుకి కొత్తది.

ఒడియా చక్కగా చదువుతాడు, తెలుగు దగ్గరికి వచ్చేసరికి తికమక. ఎందుకు?

రెండు లిపులూ ఒకే తీరులో పని చేస్తాయి. హల్లుకి అచ్చు గుర్తు తగిలించడం, హల్లు కింద హల్లు చేర్చడం రెండింటిలోనూ ఉన్నాయి. ఈ సూత్రం ఒక భాషలో పట్టుబడితే రెండోదానికి మళ్ళీ నేర్చుకోనక్కర్లేదు. అది మీ పిల్లాడికి ఉన్న పెద్ద లాభం. తికమక వచ్చే చోట్లు మాత్రం చెప్పగలిగినవే.

మొదటిది ఎత్వం, ఏత్వం. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అనీ లేవు, ఒక్కొక్కటే. పైగా ఇ–ఈ, ఉ–ఊలకి అక్షరాలు వేరుగా ఉన్నా పలికేటప్పుడు తేడా ఉండదు. అందుకని ఒడియాలో అక్షరాభ్యాసం అయిన పిల్ల తెలుగులో దీర్ఘాన్ని ముఖ్యమనుకోదు. కానీ మనకి నెల వేరు, నేల వేరు. తెగ వేరు, తేగ వేరు. ఒడి వేరు, ఓడి వేరు. ఈ జంటల్ని చదివించే ముందు నోటితో ఆడించండి: మీరు "తేగ" అంటే పిల్ల తినే సైగ చెయ్యాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లకి చెవిలో ఈ తేడా ఉంది, కంటికి అందించడమే మిగిలింది.

రెండోది గుర్తు ఉండే చోటు. ఒడియాలో ఏకారం గుర్తు హల్లుకి ఎడమ పక్కన ముందే కనిపిస్తుంది, ఓకారానికి రెండు పక్కలా ఉంటాయి. తెలుగులో ఎత్వం, ఏత్వం, ఒత్వం, ఓత్వం అన్నీ నెత్తిమీదే. పిల్ల కళ్ళు పక్కల వెతుకుతూ తల మీదున్నదాన్ని వదిలేస్తాయి. మొదటి రెండు వారాలు ఈ గుర్తుల్ని రంగు పెన్సిలుతో రాసి చూపించండి.

మూడోది గుర్తు లేని హల్లు పలికే తీరు. ఒడియాలో "ఘర" అని రాసి ఉన్నదాన్ని "ఘొరొ" అన్నట్టు పలుకుతారు. ఆ అలవాటుతో తెలుగు "పలక" కాస్తా "పొలొకొ" అవుతుంది. ఇది రెండు మూడు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది, పట్టించుకోకపోయినా పరవాలేదు.

నాలుగోది చిన్నదే. ఒడియా "ఠ" అక్షరం మన సున్నలాగే గుండ్రంగా ఉంటుంది. "పంట", "గంట" దగ్గర పిల్ల ఆగిపోతే కారణం అదే కావచ్చు.

ఇంకో పక్క, ణ, ళ అక్షరాలు ఒడియాలో స్పష్టంగా పలుకుతారు. మన ఇళ్ళలో వాటిని న, లలో కలిపేస్తాం కాబట్టి "బాణం", "తాళం" రాయడంలో ఒడియా చదివిన పిల్లలే కొన్నిసార్లు ముందుంటారు.

రెండు లిపులూ ఒకేసారి మొదలుపెడితే పిల్ల పాడైపోతుందంటారు. నిజమేనా?

పాడైపోదు. అయితే బడిలో ఒడియా అక్షరాలు నేర్పుతున్న నెలల్లోనే ఇంట్లో తెలుగు అక్షరాలు కూడా అంతే వేగంగా రుద్దితే రెండూ నత్తనడకన సాగుతాయి. మా సలహా ఇది. బడి భాషలో పిల్ల పదాల స్థాయికి వచ్చేదాకా తెలుగుని చెవికీ నోటికీ అందించండి: కథలు చెప్పండి, పొడుపుకథలు అడగండి, మీరు చదివి వినిపించండి. పదాల స్థాయి దాటాక తెలుగు అక్షరాలు మొదలుపెట్టండి. అప్పటికి సూత్రం తెలిసిపోయి ఉంటుంది కాబట్టి రోజుకి పావుగంట చాలు.

తెలుగు మీడియం బడిలో వేస్తే వరస తిరగబడుతుంది, సూత్రం అదే.

తెలుగు అక్షరాలు ఏ వరసలో చెప్పాలి?

అ నుంచి ఱ దాకా మొత్తం వల్లించాకే మాటలు అన్న పద్ధతి వద్దు. ఋ, ఙ, ఞ పట్టుకుని కూర్చుంటే పిల్ల మొదటి మాట చదివేసరికి ఏడాది గడిచిపోతుంది. ఎక్కువ వాడే ఏడెనిమిది హల్లులు చెప్పగానే వల, జడ, పలక, తల లాంటి గుణింతం లేని మాటలు చదివించండి. తర్వాత దీర్ఘం, గుడి, కొమ్ము. ఆ తర్వాత సున్న. ఎత్వం, ఒత్వం జంటలు చివర.

ఒకేలా కనిపించే ప–వ, మ–య, ద–ధ లాంటివి ఒకే రోజు చెప్పకండి. ఒకటి గట్టిపడ్డాక రెండోది. గుణింతంలో మాట వినని అక్షరాలు కొన్నున్నాయి. పు, వులలో కొమ్ము మిగతావాటిలా పక్కన ఉండదు. మొ, యొలు ఎత్వం పెట్టి కొమ్ము తగిలించినట్టు కనిపిస్తాయి. వీటిని విడిగా అట్టముక్క మీద రాసి గోడకి అంటించండి.

వత్తుల్లో ముందు రూపం మారనివి: చ్చ, ట్ట, డ్డ, ద్ద, ప్ప. వీటిలో కింద ఉన్నది, తలకట్టు ఉంటే అది తీసేసిన అదే అక్షరం. రూపం మారేవి క, త, న, మ, య, ర, ల వత్తులు. అవి రోజుకొకటి, కొత్త అక్షరం చెప్పినట్టే చెప్పాలి. అక్క, అత్త, అన్న, అమ్మ, అయ్య ఈ గుంపులోవే కాబట్టి మాటలు వెతుక్కోనక్కర్లేదు. త్ర, స్క, ష్ట లాంటి సంయుక్తాక్షరాలు ఆ తర్వాత.

ఇంగ్లీషు మీడియం బడి వాళ్ళు "లెవెల్ డి" అనో, "లెక్సైల్ 200 ఎల్" అనో ఇస్తున్నారు. తెలుగులో దానికి సమానం ఏది?

సమానం లేదు. ఏ నుంచి జెడ్ దాకా వెళ్ళే అక్షరాల పద్ధతీ, ఎల్ అని అంకెతో వచ్చే లెక్సైల్ పద్ధతీ ఇంగ్లీషు పాఠాల కోసం కట్టినవి. లెక్సైల్‌లో బీఆర్ అని ఉంటే సున్న కన్నా కింద, ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న చదువరి అని అర్థం. ఇవి ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లల తరగతులతో పోల్చి చూసేవి. గుణుపురంలో ఇంట్లో తెలుగు మాట్లాడే రెండో తరగతి పిల్ల ఆ పట్టికలో వెనక ఉండటం వింత కాదు. మాకు కంగారు పుట్టించేది వేరు: ఇంగ్లీషులో లెవెల్ పెరుగుతోందని మురిసిపోతూ, పిల్ల ఒక్క భాషలో కూడా అర్థమై పేరా చదవలేకపోతోందని గమనించకపోవడం.

ఏ పుస్తకాలు ఇవ్వాలి? వాటి మీద ఉన్న స్థాయిని నమ్మొచ్చా?

ప్రథమ్ బుక్స్ 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు, ఒడియా పుస్తకాలు రెండూ ఉచితం. చాలా కథలు రెండు భాషల్లోనూ దొరుకుతాయి. మన పిల్లలకి అది వరం. ఒడియాలో చదివిన కథనే తెలుగులో ఇస్తే అర్థం ముందే తెలుసు, శ్రమ అంతా అక్షరాల మీదే పెట్టొచ్చు. అక్కడ నాలుగు స్థాయిలు. మొదటిది 250 పదాల లోపు, తేలిక మాటలు మళ్ళీమళ్ళీ వచ్చేవి. రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన.

ఆ స్థాయిలు పదాల సంఖ్యనీ, కథ బరువునీ చూస్తాయి. వత్తుల్ని లెక్కపెట్టవు. మొదటి స్థాయి పుస్తకంలో కూడా "కృష్ణ", "ఆశ్చర్యంగా" తగలొచ్చు. అందుకని ఇచ్చే ముందు ఏదో ఒక పేజీ తెరిచి వత్తులున్న మాటలు లెక్కపెట్టండి. వత్తులు ఇంకా రాని పిల్లకి పేజీకి ఒకటి రెండు మించితే ఆ పుస్తకం మీరు చదివి వినిపించండి, చదవడానికి ఇంకోటి వెతకండి.

పేజీలో ఐదు మాటలు రాకపోతే పుస్తకం కష్టం అన్న ఐదు వేళ్ళ లెక్క విని ఉంటారు. అది పేజీకి 50 మాటలున్న పుస్తకాలకి సరిపోతుంది. చిన్నపిల్లల తెలుగు పుస్తకాల్లో పేజీకి పది, పదిహేను మాటలే ఉంటాయి. మూడు నాలుగు పేజీలు కలిపి లెక్కపెట్టండి.

పుస్తకాలు దొరక్కపోతే బస్సు బోర్డులు, బిస్కెట్ పొట్లాలు, పెళ్ళిపత్రికలు ఉన్నాయి. పర్లాకిమిడి నుంచి మహేంద్రతనయ నది దాటి పాతపట్నం వెళ్తే రోడ్డు పొడుగునా తెలుగు బోర్డులే.

అటు ఆంధ్రాలో బడికి మారుస్తున్నాం. ఏ తరగతిలో వేస్తారు? తెలుగు రాదని కిందికి దించుతారా?

విద్యాహక్కు చట్టం 2009లోని నాలుగో సెక్షన్ ప్రకారం పిల్లని వయసుకి తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని ఐదో సెక్షన్ చెప్తోంది. వెళ్ళేటప్పుడు పిల్ల ఒడియాలో ఏ స్థాయిలో ఉందో పాత టీచరు చేత ఒక కాగితం మీద రాయించుకోండి. కొత్త టీచరు తెలుగు అక్షరాలు రాలేదని చూసి "ఏమీ రాని పిల్ల" అనుకోకుండా అది కాపాడుతుంది. ఆంధ్ర ప్రభుత్వ బడి పుస్తకాల్లో చాలావాటిలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటుంది. మారడానికి ముందు సెలవుల్లోనే అవి దింపుకుని చూపిస్తే కొంత బెదురు తగ్గుతుంది.

ఒడిశా బడిలో తెలుగు చెప్పమని అడిగే హక్కు ఉందా?

ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకునే వసతి కల్పించడానికి ప్రభుత్వం ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెప్తోంది. 1956లో ఏడో సవరణతో అది చేరింది. 1936లో ఒడిశా వేరు ప్రాంతంగా ఏర్పడినప్పుడు అటు ఉండిపోయిన తెలుగువాళ్ళ మనవలకీ మునిమనవలకీ ఇప్పుడు దాని అవసరం. 2020 జాతీయ విద్యా విధానం కూడా వీలైనచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో చెప్పమంది. అడగాలంటే ఒక్కరే కాకుండా, ఒకే బడిలో చదివే తెలుగు పిల్లల తల్లిదండ్రులంతా పేర్లు, తరగతులు రాసి సంతకాలతో బడి యాజమాన్య కమిటీకి ఇవ్వండి. ఒక ప్రతి బ్లాకు విద్యాధికారికి ఇచ్చి, ముట్టినట్టు మీ ప్రతి మీద సంతకం తీసుకోండి. టీచరు పోస్టు వచ్చేదాకా ఇంట్లో పావుగంట ఆపకండి.

ఎంత చెప్పినా రావడం లేదు. ఎప్పుడు అనుమానించాలి?

మొదట కళ్ళు, చెవులు చూపించండి. పుస్తకం ముక్కుకి ఆనించి చదవడం, బోర్డు మీది వరస తప్పడం, వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం గమనించండి. చాలా "మొద్దు పిల్లల" సంగతి కళ్ళజోడుతో తేలిపోతుంది.

తర్వాత ఏ భాషలో ఇబ్బందో చూడండి. ఒడియా బాగా చదువుతూ తెలుగు ఒక్కటే రాకపోతే చాలా వరకు అది నేర్పడం చాలలేదన్నమాటే. రెండింటిలోనూ, క్రమం తప్పకుండా చెప్పాక కూడా, అక్షరాల వరస మారిపోవడం, నిన్న వచ్చిన మాట ఇవాళ పూర్తిగా మాయమవడం, నోటి లెక్కలూ మాటలూ చురుగ్గా ఉండి చదువు దగ్గరే కుదేలవడం కనిపిస్తే పరీక్ష చేయించాలి. డిస్లెక్సియా లాంటి నిర్దిష్ట అభ్యసన వైకల్యాల్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించింది. బడిలో మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ళకి గానీ, ఏది ముందొస్తే అప్పుడు, టీచర్లు ఇలాంటి పిల్లల్ని గుర్తించాలన్నది నియమం. పరీక్షకి వెళ్ళేటప్పుడు పైన చెప్పినట్టు రెండు భాషల్లో తీసిన కాగితాలు, తప్పుల గీతలతో సహా, కనీసం మూడు నెలలవి తీసుకెళ్ళండి. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఏది ఎప్పుడు మొదలుపెట్టారు అన్నది మొదటి కాగితం మీదే రాసి పెట్టండి. పరీక్ష చేసే డాక్టరుకి తెలుగు రాకపోతే తెలుగు తెలిసిన మనిషిని వెంట తీసుకెళ్ళండి.